కత్తి తగలని ఇద్దరు

బండి తలుపు సరిగ్గా పడలేదు. మొదలైంది అక్కడే.

1865 ఏప్రిల్ 5. రెండు రోజుల కిందటే రిచ్‌మండ్ పడిపోయింది. నాలుగేళ్ల అంతర్యుద్ధం ఇవాళో రేపో అయిపోతుందని వాషింగ్టన్ అంతా సంబరంగా ఉంది. అరవై మూడేళ్ల విదేశాంగ మంత్రి విలియం సూవర్డ్‌కు ఆ సాయంత్రం కాస్త తీరిక దొరికింది. కొడుకు ఫ్రెడరిక్‌నీ, ఇరవయ్యేళ్ల కూతురు ఫానీనీ, ఆమె స్నేహితురాలినీ బండెక్కించుకుని షికారుకు బయల్దేరాడు. తలుపు ఊగుతోందని, మూసేసి వస్తానని బండివాడు కిందికి దిగాడు. గుర్రాలు బెదిరాయి. పగ్గాలు నేల మీద ఈడ్చుకుపోతున్నాయి. ఫ్రెడరిక్ దూకి పడ్డాడు. పగ్గాలు అందుకోవాలని సూవర్డ్ కూడా దూకాడు.

ఇంటికి మోసుకొచ్చేసరికి ఆయన మొహం గుర్తుపట్టేలా లేదు. కుడి చెయ్యి విరిగింది. దవడ రెండు వైపులా విరిగింది. ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. ఆబర్న్‌లో ఉన్న భార్య ఫ్రాన్సెస్‌కు తంతి వెళ్లింది. ఆమెకు వాషింగ్టన్ అంటే సరిపడదు. ఆరోగ్యం అంతంతమాత్రం. భర్త గవర్నరైనా, సెనేటరైనా, మంత్రైనా ఆమె మాత్రం న్యూయార్క్ రాష్ట్రంలోని తన పుట్టింటిని పట్టుకునే ఉండిపోయింది. ఈసారి మాత్రం ఆలోచించలేదు. రైలెక్కింది. మళ్లీ ప్రాణాలతో ఆ ఇంటికి తిరిగి రానని ఆమెకు తెలియదు.

ఏప్రిల్ 9, ఆదివారం రాత్రి. గదిలో గ్యాసు దీపం బాగా తగ్గించి ఉంది. అందరూ గుసగుసల్లోనే మాట్లాడుకుంటున్నారు. పడవ దిగి ఊళ్లో అడుగుపెట్టిన లింకన్ నేరుగా ఇక్కడికే వచ్చాడు. సూవర్డ్ పక్క మీద ఒక అంచున పడుకుని ఉన్నాడు, విరిగిన చెయ్యి దేనికీ తగలకుండా. కుర్చీలో కూర్చుంటే మాట వినపడదు. అమెరికా అధ్యక్షుడు ఆ మంచం మీదే అడ్డంగా వాలిపోయాడు. మోచేతి మీద తల ఆనించి, తన మొహాన్ని ఆ వాచిపోయిన మొహానికి దగ్గరగా జరిపాడు.

"రిచ్‌మండ్ నుంచి వచ్చేశారా?" సూవర్డ్ గొంతు పెగల్చుకుని అడిగాడు.

"వచ్చేశాను. ఇక చివరికి వచ్చేశామనుకుంటా."

ఇదే లింకన్‌కు ఐదేళ్ల కిందట సూవర్డ్ పెద్ద అడ్డు. 1860 మేలో షికాగోలో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకుంటున్నప్పుడు, అందరి నోటా నానిన పేరు సూవర్డే. ఆబర్న్‌లో ఆయన ఇంటి దగ్గర జనం గుమికూడారు. గెలుపు కబురు రాగానే పేల్చాలని ఫిరంగి సిద్ధం చేశారు. మొదటి రౌండులో ఆయనకు 173 ఓట్లకు పైనే పడ్డాయి, లింకన్‌కు 102. మూడో రౌండుకు కథ తిరగబడింది. ఫిరంగి పేలలేదు. గెలిచినాయన ఓడినాయన్ని పిలిచి విదేశాంగ శాఖ చేతిలో పెట్టాడు. మొదట్లో ఈ లాయరుకు పాలించడం నేర్పేది తానేనన్న ధీమా సూవర్డ్‌ది. అది ఎక్కువ కాలం నిలవలేదు. మిగిలింది స్నేహం. ఆ రాత్రి ఫానీ గదిలోకి వస్తే లింకన్ లేవకుండానే మంచం మీద నుంచి తన పొడుగాటి చెయ్యి చాచి ఆమెకు కరచాలనం చేశాడు. సూవర్డ్ కళ్లు మూతపడ్డాక చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

వాళ్లిద్దరూ మళ్లీ కలుసుకోలేదు.

ఏప్రిల్ 14. గుడ్ ఫ్రైడే. చలిగాలి. వైట్‌హౌస్ ఎదురుగా లాఫయెట్ పార్కు పక్కన మూడంతస్తుల ఇటుకల ఇల్లు, పై అంతస్తులో జబ్బుమనిషి గది. వీధిలో ఇంకా విజయోత్సవాల హడావుడి. గదిలో ఫానీ తండ్రికి పుస్తకం చదివి వినిపించింది. ఆయన కునుకులోకి జారుకున్నాడు. దీపం తగ్గించారు. తోడుగా సార్జెంట్ జార్జ్ రాబిన్సన్ ఉన్నాడు. గాయపడి కోలుకుంటూ, నర్సు పని మీద వచ్చిన మెయిన్ రాష్ట్రపు సైనికుడు. పదకొండింటికి పెద్దకొడుకు అగస్టస్ వంతు. అతను తన గదిలో నిద్రపోతున్నాడు. వెనక గదిలో ఫ్రాన్సెస్ నడుం వాల్చింది. టైము పది దాటింది.

కింద గంట మోగింది.

విలియం బెల్ తలుపు తీశాడు. పందొమ్మిదేళ్ల నల్లజాతి కుర్రాడు, ఇంట్లో పనివాడు. గుమ్మంలో ఆరడుగులు దాటిన మనిషి. లేతరంగు ఓవర్‌కోటు, బరువైన బూట్లు, చేతిలో చిన్న పొట్లం. డాక్టర్ వెర్డి మందు పంపాడని, ఎలా వాడాలో తనే స్వయంగా మంత్రిగారికి చెప్పాలని అన్నాడు. కుదరదన్నాడు బెల్. నాకివ్వండి, నేనిస్తానన్నాడు. ఆ మనిషి వినలేదు. అన్నమాటే మళ్లీ మళ్లీ అంటూ, పక్కనుంచి తోసుకుంటూ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. బూట్ల చప్పుడుకు ఇల్లంతా అదిరిపోతోంది. అంత గట్టిగా నడవొద్దని బెల్ బతిమాలాడు. ఆ మనిషి క్షమించమన్నాడు. మెట్లు మాత్రం ఆపలేదు.

అతని పేరు లూయిస్ పావెల్. వయసు ఇరవై. బాప్టిస్టు ఫాదరీ కొడుకు. దక్షిణాది సైన్యం తరఫున గెటిస్‌బర్గ్‌లో పోరాడి, గాయపడి, పట్టుబడి, తప్పించుకున్నవాడు. సరిగ్గా ఆ గడియలోనే కొద్ది వీధుల అవతల ఫోర్డ్ థియేటర్‌లో జాన్ విల్క్స్ బూత్ అనే నటుడు అధ్యక్షుడి బాక్సు వైపు నడుస్తున్నాడు. ఒకే రాత్రి అధ్యక్షుణ్ణి, ఉపాధ్యక్షుణ్ణి, విదేశాంగ మంత్రినీ లేపేసి ప్రభుత్వాన్ని కుప్పకూల్చాలని బూత్ పథకం. ఉపాధ్యక్షుడి వంతు పడ్డవాడు ధైర్యం చాలక వెనక్కి తగ్గాడు. పావెల్ తగ్గే రకం కాదు.

మెట్ల పైన ఫ్రెడరిక్ అడ్డం వచ్చాడు. నాన్న నిద్రపోతున్నారు, మందు నాకివ్వండి అన్నాడు. ఆ మనిషి మొండికేశాడు. వసారాలో ఉన్న తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఏ తలుపు వెనక మంత్రి ఉన్నాడో పావెల్‌కు తెలియదు. వాళ్ల మాటలు లోపల ఫానీకి వినపడ్డాయి. ఎవరో ముఖ్యమైన వాళ్లే వచ్చుంటారనుకుంది. తండ్రి కళ్లు తెరిచి ఉన్నాయి. తలుపు కొద్దిగా తీసి, అన్నకు వినపడేంత మెల్లిగా చెప్పింది.

"ఫ్రెడ్, నాన్న లేచే ఉన్నారు."

ఆ మనిషి ముందుకు వంగాడు. సెక్రటరీగారు నిద్రపోతున్నారా అని విసురుగా అడిగాడు. ఫానీ వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది. దాదాపుగా అంది. ఫ్రెడరిక్ గబుక్కున తలుపు లాగేశాడు. అప్పటికే ఆలస్యమైంది. ఏ గదో పావెల్‌కు తెలిసిపోయింది.

సరే అన్నట్టు వెనక్కి తిరిగాడు. బెల్ ముందు నడుస్తున్నాడు. రెండు మెట్లు దిగాడో లేదో, పావెల్ గిరుక్కున తిరిగి రివాల్వర్ ఫ్రెడరిక్ తలకు గురిపెట్టి మీట నొక్కాడు. టిక్కుమంది. గుండు పేలలేదు. అంతే, ఆ రివాల్వర్‌నే తిరగేసి ఫ్రెడరిక్ నెత్తి మీద మోదడం మొదలుపెట్టాడు, ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, పుర్రె రెండు చోట్ల పగిలేదాకా, రివాల్వర్ విరిగి చేతిలో ముక్కలయ్యేదాకా. బెల్ మెట్ల మీద నుంచి దూకి, "హత్య! హత్య!" అని అరుస్తూ వీధిలోకి పరిగెత్తాడు. లోపల ఫానీ ఆ దబదబ చప్పుళ్లు వింది. ఎవరో ఎలుకను తరుముతున్నారేమో అనుకుంది.

తలుపు తెరుచుకుంది.

కత్తి మెరిసింది. రాబిన్సన్ నుదురు చీలింది, కింద పడ్డాడు. ఫానీని ఒక్క తోపు తోసి పావెల్ మంచం మీదికి ఉరికాడు. చంపొద్దని ఫానీ కేక పెట్టింది. సూవర్డ్‌ను పూర్తిగా మేల్కొలిపింది ఆ కేకే. పైనుంచి ఓ చెయ్యి దిగుతోంది. ఆ క్షణాన తన బుర్రలో మెదిలింది ఆ కోటు గుడ్డ ఎంత బాగుందో అన్న మాటేనని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. చెంప తెగి మాంసం మెడ మీదికి వేలాడింది. మళ్లీ పోటు. మళ్లీ. విరిగిన చెయ్యికి తగలకూడదని మంచం అంచున పడుకోబెట్టిన మనిషి, ఆ పెనుగులాటలో దుప్పట్లతో సహా మంచానికీ గోడకీ మధ్య జారిపోయాడు. చీకట్లో పావెల్ కత్తికి దుప్పట్లే ఎక్కువ దొరికాయి. బహుశా సూవర్డ్‌ను బతికించింది బండి ప్రమాదమే.

నెత్తురోడుతూ రాబిన్సన్ లేచి వెనకనుంచి పట్టుకున్నాడు. ఫానీ కిటికీ తెరిచి వీధిలోకి అరుస్తోంది. ఆ అరుపులకు లేచిన అగస్టస్ నిద్రబట్టలతో పరిగెత్తుకొచ్చాడు. గదిలో దీపం గుడ్డిగా ఉంది. తండ్రికి సంధి పుట్టి పెనుగులాడుతున్నాడనుకుని ఎదుటి మనిషిని వాటేసుకున్నాడు. ఒళ్లు తగలగానే తెలిసింది, ఈ కండబలం తండ్రిది కాదు. నర్సుకే పిచ్చెక్కిందనుకున్నాడు. నుదుటి మీదా చేతి మీదా కత్తి దిగింది. ముగ్గురూ కలిసి గుమ్మందాకా దొర్లారు. వసారాలో దీపం వెలుగు మొహం మీద పడగానే పావెల్ అగస్టస్ కళ్లలోకి సూటిగా చూశాడు.

"నాకు పిచ్చి! నాకు పిచ్చి!"

అరుచుకుంటూ మెట్లు దిగాడు. దారిలో విదేశాంగ శాఖ మెసెంజర్ ఎమెరిక్ హాన్సెల్ ఎదురయ్యాడు. వీపులో ఓ పోటు. వీధి తలుపు. బయట గుర్రం పట్టుకుని నిలబడాల్సిన డేవిడ్ హెరాల్డ్, లోపల కేకలు వినగానే పత్తా లేకుండా పోయాడు. పావెల్ గుర్రమెక్కాడు. పక్క వీధిలో సైనికుల సాయం కోసం వెళ్లొచ్చిన బెల్ ఒక్కడే, ఒట్టి చేతులతో, అరుస్తూ ఆ గుర్రం వెంట కొంత దూరం పరిగెత్తాడు. చీకటి గుర్రాన్ని మింగేసింది.

గదిలో మంచం ఖాళీగా ఉంది.

నాన్న ఏరి? ఫానీ వెతికింది. మంచం అవతల నేల మీద దుప్పట్ల కుప్ప ఒకటి కనిపించింది. కాలు నెత్తుట్లో జారింది. ఆ కుప్పే తండ్రి. ప్రాణం పోయిందనుకుని గొల్లుమంది. రాబిన్సన్, తన నుదుటి నెత్తురు కళ్లలోకి కారుతున్నా, ఆయన్ని ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు. నెత్తురు ఆపడానికి గుడ్డలూ నీళ్లూ ఎలా వాడాలో ఫానీకి చెప్పాడు. అప్పుడు సూవర్డ్ పెదాలు కదిలాయి. నేను చావలేదు, డాక్టర్ని పిలవండి, పోలీసుల్ని పిలవండి, ఇంటి తలుపులు మూయండి అన్నాడు. తెగిన నోటితో ఒక్కో మాటా కూడగట్టుకుని, మంత్రిగారు ఆదేశాలిస్తున్నారు!

అసలు డాక్టర్ వెర్డి వచ్చాడు. తను ఎవరికీ మందు పంపలేదు. సూవర్డ్ గాయం చూడ్డం ముగిసీ ముగియక ముందే ఫ్రెడరిక్ దగ్గరికి రమ్మన్నారు. పుర్రె పగిలిన ఫ్రెడరిక్ ఏదో చెప్పబోయి, "ఇది... ఇది..." అని అక్కడే ఆగిపోతున్నాడు. అది చూస్తుండగానే అగస్టస్ గది నుంచి పిలుపు. ఆ తర్వాత రాబిన్సన్. ఆ తర్వాత హాన్సెల్. ఒకే ఇంట్లో ఐదుగురు. గదికీ గదికీ మధ్య తిరుగుతున్నది ఫ్రాన్సెస్, ఫానీ. ఒకరి తల దగ్గర నుంచి మరొకరి తల దగ్గరికి. వాళ్లిద్దరి ఒంటి మీదా గీత కూడా పడలేదు.

బూత్ తూటా తగిలిన లింకన్ తెల్లారేసరికి పోయాడు. ఏప్రిల్ 15 ఉదయం 7 గంటల 22 నిమిషాలకు.

ఆ సంగతి సూవర్డ్‌కు ఎలా తెలిసిందన్నదాని మీద నోవా బ్రూక్స్ అనే విలేకరి రాసిన కథ బాగా చలామణీ అయింది. కిటికీలోంచి సగం దించిన జెండా చూసి, అధ్యక్షుడు బతికుంటే నన్ను చూడ్డానికి మొదట వచ్చేది ఆయనే కదా అని సూవర్డ్ కన్నీరు పెట్టుకున్నాడట. నాటకానికి బాగా సరిపోయే కథ. ఆ కథ లేకపోయినా ఆ ఇంట్లో నాటకానికి లోటు లేదు.

మూడు రోజులు గడిచాయి. ఏప్రిల్ 17 రాత్రి బూత్ ముఠా కోసం వెతుకుతూ మేరీ సరాట్ అనే ఆవిడ నడిపే బోర్డింగ్ హౌసును సైనికులు సోదా చేస్తున్నారు. సరిగ్గా అప్పుడే తలుపు తట్టాడొక కూలీ. భుజాన పికాసు, నెత్తి మీద ఓ బట్టముక్క టోపీ. పొద్దున్నే కాలవ తవ్వాలి, ఎప్పుడు రావాలో అడుగుదామని వచ్చానన్నాడు. అర్ధరాత్రి పూట కాలవ పని! చేతులు చూస్తే కూలి చేతుల్లా లేవు. బెల్‌ను పిలిపించారు. కుర్రాడు ఒక్క క్షణం తడబడలేదు. దగ్గరికెళ్లి ఆ మొహం మీద వేలు పెట్టి, ఇతనే అన్నాడు.

మిలిటరీ కోర్టులో పావెల్ లాయరు డోస్టర్ వాదన ఒక్కటే: ఈ కుర్రాడికి మతి లేదు. ఆ వాదన విని ఎవరైనా ఉలిక్కిపడి ఉంటే వాళ్లు ఆబర్న్ వాళ్లే అయ్యుండాలి. 1846లో ఆ ఊళ్లో విలియం ఫ్రీమన్ అనే నల్లజాతి యువకుడు ఓ కుటుంబం మీద పడి నలుగుర్ని పొడిచి చంపాడు. చెయ్యని గుర్రం దొంగతనానికి ఐదేళ్లు జైల్లో పెట్టి, తల మీద చెక్కతో కొడితే చెవుడొచ్చి, మతి పోయినవాడు. ఊరంతా అతన్ని చంపెయ్యాలంది. ఏ లాయరూ ముందుకు రాలేదు. అప్పుడు లేచి నిలబడ్డవాడు మాజీ గవర్నర్ సూవర్డ్. పైసా తీసుకోకుండా, ఊరి కోపం నెత్తిన వేసుకుని, ఇతనికి పిచ్చి, ఉరి తియ్యకూడదని వాదించాడు. ఊళ్లో మొహం చాటెయ్యాల్సినంత ద్వేషం. వెనక గట్టిగా నిలబడింది ఫ్రాన్సెస్. బానిసత్వం సంగతిలో ఆమెకు భర్త కంటే పట్టుదల ఎక్కువ. ఆయన రాజీలు వెతికినప్పుడల్లా ఉత్తరాల్లో నిలదీసింది. దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిసలకు ఆమె ఇంట్లో తలదాచుకునే చోటుండేది. బానిసల వేటగాళ్ల కళ్లుగప్పిన హేరియట్ టబ్‌మన్‌కు 1859లో ఆబర్న్‌లో ఇల్లు దొరికింది ఈ కుటుంబం అమ్మిన స్థలంలోనే. సూవర్డ్ అంత వాదించినా ఫ్రీమన్‌ను జ్యూరీ దోషిగా తేల్చింది. పైకోర్టు తిరిగి విచారించమంది. ఈలోగా 1847లో జైల్లోనే చచ్చిపోయాడు. శవం కోసి చూస్తే మెదడు జబ్బుపడి ఉంది.

పావెల్ మాట కోర్టు నమ్మలేదు. 1865 జూలై 7న అతన్నీ, హెరాల్డ్‌నీ, మేరీ సరాట్‌నూ, ఉపాధ్యక్షుణ్ణి చంపలేకపోయిన అట్జెరోట్‌నూ ఉరి తీశారు.

ఆ రోజుకు ఫ్రాన్సెస్ పోయి పదహారు రోజులైంది.

ఆ రాత్రి తర్వాత ఆమె నిలదొక్కుకోలేకపోయింది. పక్క గదిలో ఫ్రెడరిక్ రోజుల తరబడి చావుబతుకుల్లో ఉన్నాడు. ఇటు భర్త, అటు కొడుకు. రాత్రీ పగలూ మెలకువ. ఒంట్లో ముందే ఓపిక లేదు. గాయపడ్డవాళ్లు ఒక్కొక్కరే లేచి కూర్చుంటుంటే, గాయం లేని మనిషి మంచమెక్కింది. జూన్ 21న గుండె ఆగింది. ఆమెను ఆబర్న్‌కు శవపేటికలో తీసుకెళ్లారు.

ఇక మిగిలింది ఫానీ. ఐదుగురు పిల్లల్లో ఆఖరిది. ఆమెకు ముందు పుట్టిన ఆడపిల్ల పసితనంలోనే మశూచికి బలైంది. ఫానీ పద్నాలుగేళ్ల నుంచీ డైరీ రాసేది. రచయిత్రి కావాలని ఆశ. ఆ రాత్రి గదిలో ఎవరెక్కడ నిలబడ్డారో, ఎవరేమన్నారో, ఎలుకేమో అని తనకెందుకనిపించిందో అంతా కూర్చుని కాగితం మీద పెట్టింది. తలుపు తీసి తను అన్న ఆ ముక్కతో సహా. అప్పటికే దగ్గు. క్షయ. 1866 అక్టోబర్ 29న వాషింగ్టన్‌లో కన్నుమూసింది. ఇంకో ఆరు వారాలకు ఇరవై రెండు నిండేవి.

సూవర్డ్ ఇంకా మంత్రే. చెంప మీద గాటు ఎండింది, మొహం ఓ పక్కకు లాగేసింది. భార్యా కూతురూ లేని ఇంట్లో పని మాత్రం ఆపలేదు.

1867 మార్చి 29, శుక్రవారం రాత్రి. లాఫయెట్ పార్కు ఇంట్లో ఇంటివాళ్లతో పేకాడుతున్నాడు. రష్యా రాయబారి స్టోకెల్ వచ్చాడని కబురు. అలాస్కా అమ్మకానికి జార్ ఒప్పుకున్నాడు, రేపు పొద్దున్నే ఒప్పందం రాసుకుందామా అన్నాడు రాయబారి. సూవర్డ్ పేకముక్కలు పక్కన పెట్టేశాడు. రేపటిదాకా ఎందుకు, ఇవాళే రాద్దాం పదండి అన్నాడు. మీ ఆఫీసు మూసేసి ఉంది, గుమస్తాలు లేరు, నా వాళ్లు ఊరంతా చెల్లాచెదురుగా ఉన్నారని రాయబారి నసిగాడు. మీవాళ్లను మీరు పోగెయ్యండి, అర్ధరాత్రికి నా ఆఫీసు తెరిచే ఉంటుందన్నాడు సూవర్డ్. సెనేట్‌లో విదేశీ వ్యవహారాల కమిటీ ఛైర్మన్ సమ్నర్‌ను ఇంటికి పిలిపించారు. ఆయనకు విషయం వివరించినవాళ్లలో ఫ్రెడరిక్ ఉన్నాడు. అదే ఫ్రెడరిక్, పుర్రె అతుక్కుని, మళ్లీ తండ్రి కింద సహాయ మంత్రిగా పని చేస్తూ. తెల్లవారుజామున నాలుగింటికి సంతకాలైపోయాయి. 72 లక్షల డాలర్లు. ఎకరం రెండు సెంట్లు. పత్రికలు సూవర్డ్ ఐసుపెట్టె అని ఎగతాళి చేశాయి. సెనేట్ మాత్రం 37–2తో ఆమోదించింది.

పదవి దిగాక ఆయన ఇంట్లో కూర్చోలేదు. 1869లో అలాస్కా వెళ్లి తను కొన్న నేల చూసొచ్చాడు. మరుసటి ఏడాది ప్రపంచం చుట్టిరావడానికి బయల్దేరాడు. జపాన్, చైనా దాటి 1871లో మన దేశానికీ వచ్చాడు. చేతులు పట్టు తప్పుతున్నాయి, కలం నిలవడం లేదు. వెంట ఆలివ్ రిస్లీ అనే యువతి ఉంది, ఫానీ ఈడుది. డెబ్బై ఏళ్ల ముసలాయన, పాతికేళ్ల పిల్ల. ఇంకేం, గుసగుసలు మొదలయ్యాయి. సూవర్డ్ ఆమెను చట్టప్రకారం దత్తత తీసుకుని వాటి నోరు మూయించాడు. ఆయన 1872 అక్టోబర్ 10న ఆబర్న్‌లో పోయాడు. యాత్ర పుస్తకాన్ని ఆలివ్ పూర్తి చేసి మరుసటి ఏడాది అచ్చేయించింది.